ఊటీ లెక్క అండమాన్‌లో చెల్లదు

మార్చి దాటిందంటే చాలు, మన వేసవి అనుబంధాలూ ట్రావెల్ ఏజెంట్ల కరపత్రాలూ ఒకే పాట ఎత్తుకుంటాయి. ఊటీ, కొడైకెనాల్, మున్నార్, అరకు, ఆ వరసలోనే అండమాన్. ఎండల నుంచి తప్పించుకోవాలంటే అక్కడికి పొమ్మని సలహా. చదివినవాళ్లు నమ్ముతున్నారు, పిల్లల పరీక్షలు కాగానే టిక్కెట్లు కొంటున్నారు. మే నెలాఖరున పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఉక్కపోతకు చొక్కా వీపుకు అతుక్కుపోయి, హేవ్‌లాక్ దీవి పడవ రద్దయిందని జెట్టీలో విని, ఈ దీవులకు ఇంత పేరెలా వచ్చిందని తిట్టుకుంటూ తిరిగొస్తున్నారు. తప్పు దీవులదా, వాళ్లను ఆ నెలలో పంపిన సలహాదా? పాఠకులే తేల్చాలి.

కొండమీది ఊళ్లకు వేసవి సీజన్ అనడంలో అర్థముంది. వెయ్యి మీటర్లు పైకెక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది; కింద కోయంబత్తూరు మాడిపోతున్నా అక్కడ స్వెట్టర్ తీయబుద్ధి కాదు. పోర్ట్ బ్లెయిర్‌కు ఎత్తెక్కడుంది? అది సముద్రమట్టాన ఉన్న రేవు. అక్కడ ఏడాది పొడవునా ఉష్ణోగ్రత దాదాపు 23కూ 31కీ మధ్యే తిరుగుతుంది. జనవరి పగటికీ మే పగటికీ తేడా రెండు మూడు డిగ్రీలు. ఆ కాస్త తేడా కూడా మే నెలకు వ్యతిరేకంగానే ఉంది, ఎందుకంటే అక్కడ అతి వేడి నెలలు ఏప్రిల్, మేలే.

హైదరాబాదు నలభై రెండులో ఉన్నప్పుడు ముప్ఫై రెండు నయం కాదా అంటారు. అంకెలో నయమే. ఒంటికి? గాలిలో తేమ ఎనభై శాతం ఉన్నచోట ముప్ఫై రెండు డిగ్రీలు ఎలా ఉంటుందో విశాఖలోనో కాకినాడలోనో కాపురం చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. మే నెలలో విశాఖను ఎవరూ చల్లని విడిది అనరు. మరి అదే బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న ఊరు మాత్రం చల్లని విడిది ఎలా అయింది?

కొంచెం చదువుకున్న ప్రతివాది ఇక్కడ ఒక అస్త్రం తీస్తాడు. అండమాన్‌లోనూ హిల్ స్టేషన్ ఉందిగా, బ్రిటిష్ చీఫ్ కమిషనర్ వేసవి విడిది మౌంట్ హ్యారియెట్ మీదేగా అంటాడు. నిజమే. 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చుకున్న ఆ కొండ మీద దొరల విడిది ఉండేది. కానీ ఆ కొండ ఎత్తెంత? నాలుగు వందల మీటర్లు కూడా లేదు. ఇందాకటి లెక్కనే వేయండి, తగ్గేది రెండున్నర డిగ్రీలు. ఊటీలో తగ్గేది పధ్నాలుగు. దీవులన్నిటిలోకీ ఎత్తైన శాడిల్ పీక్ డిగ్లీపూర్ దగ్గరుంది, ఏడు వందల ముప్ఫై మీటర్లు దాటుతుంది. దాని మీద దట్టమైన అడవి తప్ప బస లేదు. అప్పటి పాలనా కేంద్రమైన రాస్ దీవి ఉక్కలో మగ్గలేక, గాలి తగులుతుందని అధికారులు ఎదుటి కొండ ఎక్కారు. ఉద్యోగం కోసం అక్కడే కట్టుబడినవాడు వెతుక్కున్న ఉపశమనం అది. పన్నెండు నెలల్లో ఏ నెల కావాలంటే ఆ నెల ఎంచుకోగల యాత్రికుడికి అది ఆదర్శం ఎలా అవుతుంది?

నెల ఎంచుకోగలిగిన దొర ఏం చేశాడో కూడా చరిత్రలో ఉంది. వైస్రాయ్ లార్డ్ మేయో అండమాన్‌కు వచ్చింది ఫిబ్రవరిలో. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం ఆయన మౌంట్ హ్యారియెట్ ఎక్కి సూర్యాస్తమయం చూసి, చీకటి పడ్డాక హోప్‌టౌన్ జెట్టీకి దిగివచ్చాడు. అక్కడే షేర్ అలీ అఫ్రిదీ కత్తికి బలయ్యాడు. ఆ హత్యను గుర్తుపెట్టుకున్నవాళ్లు ఆ సాయంత్రాన్ని గమనించరు. ఆకాశం తేటగా, సముద్రం నెమ్మదిగా, కొండదారి పొడిగా ఉండే నెల అది. ఓడలో వచ్చే వైస్రాయికి సముద్రం ఏ నెలలో దారిస్తుందో అతని నావికులకు తెలుసు.

ఇక మే నెల మీద ఉన్న రెండో అభియోగం. నైరుతి రుతుపవనాలు కేరళను జూన్ 1కి తాకుతాయని మన బడిపిల్లలకు కూడా తెలుసు. అంతకు ముందే, మే మూడో వారం ప్రాంతంలో, అవి అండమాన్‌ను తాకుతాయని సలహాలు రాసేవాళ్లకు ఎందుకు గుర్తుండదు? 2024లో మే 19న వచ్చాయి, 2025లో మే 13నే వచ్చాయి. మన బడులకు సెలవులు ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ రెండో వారం దాకా. అంటే సెలవుల్లో దాదాపు సగం అక్కడ వర్షాకాలం. తెలుగునాట రోహిణి కార్తె ఎండలు రాళ్లు పగలగొడుతున్నాయి గనక దేశమంతా ఎండే అనుకోవడం ఈ సలహాకు మూలం. ఏప్రిల్ చివర సముద్రం అద్దంలా ఉంటుంది, ఉక్కను ఓర్చుకునేవాళ్లు ఆ రెండు వారాలు వెళ్లొచ్చు, కాదనను. అయితే ఆ నీటి కింద జరిగేది కూడా తెలుసుకుని వెళ్లాలి. ఏప్రిల్, మేలలో సముద్రం మరీ వేడెక్కిన ఏళ్లలో పగడాలు తమలో ఉండే నాచును వదిలేసి తెల్లబడిపోతాయి. 2010 వేసవిలో అండమాన్ పగడపు దిబ్బల మీద అదే జరిగింది. రంగుల పగడాలు చూద్దామని వెళ్లేవాళ్లకు చెప్పాల్సిన సంగతా కాదా ఇది?

వేసవి వాదాన్ని వదిలేసినవాళ్లు ఇంకో పొరపాటును పట్టుకుంటారు. అక్టోబరు నుంచి మార్చి దాకా సీజన్, కళ్లు మూసుకుని వెళ్లొచ్చు అన్నది వాళ్ల మాట. ఇది మొదటిదానికంటే ప్రమాదకరం, ఎందుకంటే సగం నిజం. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి సగం బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. ఆ తుఫాన్లలో చాలా ఎక్కడి నుంచి వస్తాయి? అండమాన్ సముద్రంలో పుట్టి, లేదా దాన్ని దాటుకుంటూ. 2014 అక్టోబరు 12న విశాఖను నేలమట్టం చేసిన హుద్‌హుద్ పేరు వింటే మనకు ఇప్పటికీ గుండె దడ. అది నాలుగు రోజుల ముందే, అక్టోబరు 8న, అండమాన్‌లోని లాంగ్ ఐలండ్ మీదుగా దాటి వచ్చింది. అంతకు ముందు ఏడాది అక్టోబరులో ఫైలిన్, నవంబరులో లెహర్ కూడా ఆ దీవుల మీదుగానే మన తీరం వైపు వచ్చాయి. మన తుఫాన్లకు పుట్టిల్లయిన సముద్రాన్ని, అవి పుట్టే నెలల్లోనే, శ్రేష్ఠమైన విహార కాలమని తెలుగువాడికి అమ్మడమా?

2016 డిసెంబరు మొదటి వారం చూడండి. తీవ్ర వాయుగుండం పట్టింది, పడవలు ఆగిపోయాయి, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో సుమారు 1,400 మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం, కోస్ట్ గార్డ్ ఓడలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. ఆ వాయుగుండమే వర్దా తుఫానై డిసెంబరు 12న చెన్నైని కొట్టింది. సీజన్ అని నమ్మి వెళ్లినవాళ్లే వాళ్లంతా. ఇదేమీ కొత్త వింత కూడా కాదు. 1844 నవంబరులో సైనికులను మోసుకెళ్తున్న బ్రిటన్, రన్నీమీడ్ అనే రెండు ఓడలను తుఫాను ఈడ్చుకొచ్చి, హేవ్‌లాక్‌కు పొరుగునున్న జాన్ లారెన్స్ దీవి ఒడ్డున పడేసింది. 1891 నవంబరు మొదట్లో ఎంటర్‌ప్రైజ్ అనే ప్రభుత్వ ఓడ పోర్ట్ బ్లెయిర్ ముంగిట్లోనే బద్దలైంది. నీళ్లలో కొట్టుకుపోతున్న కొద్దిమందిని సౌత్ పాయింట్ జైలులోని మహిళా ఖైదీలు ఒడ్డుకు లాగి బతికించారు. నూట ఎనభై ఏళ్లుగా నవంబరు చెబుతున్న సాక్ష్యం ఇది. దాన్ని పక్కనపెట్టి కరపత్రాన్ని నమ్మమంటారా?

నవంబరు, డిసెంబరుల్లో ఇంకో నష్టం కూడా ఉంది. దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మనదే. ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చి బీచికి బయల్దేరితే చేరేసరికి చీకటి.

ఈ రెండు వాదాలకూ వేరు ఒకటే. ఇద్దరూ ఉష్ణోగ్రతనూ క్యాలెండరునూ చూస్తున్నారు. దీవుల్లో ఏ నెల మంచిదో నిర్ణయించేది గాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ఒకటిన్నర నుంచి రెండున్నర గంటల పడవ ప్రయాణం. ఆ పడవ కదిలితేనే యాత్ర. ఎంత వర్షం కురిసినా గాలి లేకపోతే పడవ వెళ్తుంది. చుక్క వాన లేకున్నా గాలి ముదిరితే జెట్టీ మూస్తారు. నైరుతి గాలి మే చివర నుంచి సెప్టెంబరు దాకా దీవుల పడమటి ఒడ్డును బాదుతుంది. హేవ్‌లాక్‌లో పేరుమోసిన రాధానగర్ బీచ్ సరిగ్గా పడమటికే తిరిగి ఉంది. ఫిబ్రవరిలో అక్కడ అల మోకాలి దగ్గర మెత్తగా విరిగి, పిండి జల్లెడ పట్టినట్టున్న ఇసుక మీద పల్చగా పరుచుకుంటుంది. జూన్‌లో అదే అల ఇసుకను కోసుకుపోతుంది, నీరు మట్టి రంగుకు తిరుగుతుంది, దిగవద్దని కాపలావాళ్లు ఈల వేస్తూనే ఉంటారు. అదే రోజున, అదే దీవికి తూర్పున కాలాపత్థర్ ఒడ్డు దీవి చాటున ఉండి చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. ఈశాన్య గాలి వీచే నెలల్లో ఇది తారుమారు. ఏ నెలలో వెళ్లాలని అడిగినవాడికి ఏ నెలలో ఏ ఒడ్డుకో చెప్పని సలహాకు విలువేముంది?

ఇది చెప్పగలిగినవాళ్లు మనవాళ్లే అక్కడున్నారు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు పదమూడు శాతానికి మాతృభాష తెలుగు. వీళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగే వినబడుతుంది. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర కూర్చుని ‘బాబాయ్, రేపు పడవ పోతాదా?’ అని అడగండి. సముద్రం వైపు ఓసారి చూసి ‘గాలి పడమట తిరిగిపోనాది బాబూ, రెండ్రోజులు ఆగండి’ అంటాడు. ఎయిర్ కండిషన్డ్ గదిలో కూర్చుని రాసిన పది పేజీల సీజన్ వ్యాసం కంటే ఆ ఒక్క మాట మేలు.

వర్షాకాలంలో అండమాన్ మూతపడుతుందన్నది కూడా అబద్ధమే. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల దాకా వాన కురిసే చోటు అది, హైదరాబాదు వానకు మూడు రెట్లకు మించి. అయినా సెల్యులార్ జైలు తెరిచే ఉంటుంది, 1883 నాటి చాథమ్ రంపపు మిల్లూ అక్కడే ఉంటుంది, అడవి ఏ నెలలోనూ లేనంత పచ్చగా ఉంటుంది, గదుల అద్దె తగ్గుతుంది. చేతిలో రోజులు ఎక్కువగా ఉండి, పడవ రద్దయితే ఒక పుస్తకం తీసుకుని వసారాలో కూర్చోగలిగినవాళ్లు ఆగస్టులోనూ వెళ్లొచ్చు. మూడు రాత్రులు నాలుగు పగళ్ల ప్యాకేజీలో ముసలి తల్లిదండ్రులతో, చంటిపిల్లతో వెళ్లేవాళ్లు మాత్రం వెళ్లకూడదు. ఇద్దరికీ ఒకే జవాబు ఎలా సరిపోతుంది?

నెల కుదిరాక తిథి కూడా చూసుకోవాలి, ముహూర్తం కోసం కాదు, ఆటుపోట్ల కోసం. నీల్ దీవిలో లక్ష్మణ్‌పూర్ ఒడ్డున సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. పాటు సమయంలో నీరు వెనక్కి తగ్గితేనే దాని కిందికి నడిచి వెళ్లగలం. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు అన్నిటికంటే ఎక్కువగా తగ్గి, రాళ్ల గుంటల్లో చిన్న పగడాలు, సముద్ర దోసకాయలు, వేలెడంత చేపలు బయటపడతాయి. పోటు వేళకు తీసుకెళ్లి రాయిని దూరం నుంచి చూపించి వెనక్కి తిప్పే డ్రైవర్లు చాలామంది. రాత్రి నీటిలో నీలంగా మెరిసే సూక్ష్మజీవులను చూడాలంటే వెన్నెల ఉండకూడదు. పౌర్ణమికి వెళ్లినవాడికి అవి కనబడవు. డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్‌లో నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. అది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి రాత్రుల ముచ్చట. వీటిలో ఏది కావాలో చెప్పకుండా సీజన్ ఎప్పుడని అడగడం సగం ప్రశ్న. అడక్కుండానే జవాబు చెప్పేవాడిది అంతకంటే పెద్ద తప్పు.

నా తీర్పు అడిగితే, జనవరి రెండో వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా. వాన అతి తక్కువ, ఈశాన్య గాలి క్రమంగా తగ్గుతుంది, నీటి అడుగు బాగా కనబడుతుంది. 2019 జనవరి 6న పబుక్ తుఫాను అండమాన్‌ను దాటిందని నాకు గుర్తుచేస్తారు. అందుకే జనవరి మొదటి వారాన్ని వదిలేశాను. అప్పుడు పిల్లలకు సెలవులెక్కడివి అనే ప్రశ్న వస్తుంది. సంక్రాంతి సెలవులు ఎందుకున్నాయి? మన పండగ సరిగ్గా ఆ దీవుల మంచి రోజుల్లో పడుతుంది. ఒక్క ఏడాది కోడిపందేలు మానుకుంటే కొంప మునగదు. అదీ కుదరకపోతే ఏప్రిల్ చివరి వారంలో సెలవులు మొదలైన మర్నాడే బయల్దేరండి, మే పదికల్లా తిరిగి రండి. హేవ్‌లాక్‌ను యాత్ర మొదట పెట్టుకుని, తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా చూసుకోండి. హేవ్‌లాక్ నుంచి పొద్దున పడవెక్కి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చని రాసిన ప్యాకేజీని, ఎంత చవగ్గా ఇచ్చినా, ఏ నెలలో ఇచ్చినా తిరగ్గొట్టండి.