వాల్తేరు ఆసుపత్రిలో రెండు దూడలకు చోటివ్వండి

విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల సూపరింటెండెంట్ గారికి,

జంతువులతో చికిత్స అనగానే చాలామందికి గుర్తొచ్చేది, వారానికోసారి వచ్చి అందరితో ఫొటోలు దిగి వెళ్ళిపోయే లాబ్రడార్ కుక్క. నేనడిగేది అది కాదు. మందులతో కుదుటపడినా తీసుకెళ్ళడానికి ఎవరూ రాక ఆసుపత్రుల్లోనే ఉండిపోయేవాళ్ళుంటారు. వాళ్ళకు అన్నం, మాత్ర, స్నానం అన్నీ ఇంకొకరు అమర్చేవే. పొద్దున్నే గడ్డి వేయకపోతే అరిచే దూడ ఒకటుంటే, మంచం దిగడానికి పని దొరుకుతుంది.

ఇది కొత్త సరదా కాదు. 1796లో ఇంగ్లండులోని యార్క్‌లో విలియం ట్యూక్ తెరిచిన ‘రిట్రీట్’లో రోగుల పెరళ్ళలో కుందేళ్ళు, కోళ్ళు తిరిగేవి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో న్యూయార్క్ మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్, ముడుచుకుపోయిన పిల్లవాడు తన కుక్క జింగిల్స్‌తో చనువుగా మెలగడం చూసి, దాన్ని వైద్యంలో తోడు చేసుకున్నాడు. జంతువుల తోడుతో జబ్బు నయమవుతుందని నేననను. మాత్రల పని మాత్రలదే.

కుక్కలు ఎందుకు వద్దంటే, ఆసుపత్రుల ఆవరణల నుంచి వీధికుక్కలను తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. కుక్కల తగాదాలోకి రోగులను లాగడం దేనికి? మనకు సింహాచలం ఉంది. అప్పన్నకు మొక్కుగా వచ్చే కోడెదూడలతో గోశాల కిక్కిరిసిపోతుందని ఊరంతటికీ తెలుసు. పాలు మాని మేతకు అలవాటుపడ్డ సాధువైన దూడలను రెండింటిని అడగండి. కొమ్ములు బలపడకముందే తిరిగి తీసుకునేలా దేవస్థానంతో మాట అనుకోవాలి. ఆ ఎడబాటుకు రోగులను ముందునుంచే సిద్ధం చేయాలి. చెప్పాపెట్టకుండా ఒకరోజు తోలుకెళ్తే, అసలే వదిలేయబడ్డ మనిషికి అది రెండో దెబ్బ.

పేడ ఎవరెత్తుతారని మీ సిబ్బంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉన్న ఆయాల మీద వేస్తే నెలలోపే ఈ పథకం అటకెక్కుతుంది, కొట్టం పనికి మనిషిని విడిగా పెట్టాల్సిందే. రోగులతో చేయిస్తే సరిపోదా అంటారేమో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం వాళ్ళతో బలవంతంగా పని చేయించకూడదు, చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. కాబట్టి ఇష్టపడినవాళ్ళే, అదీ డాక్టరు సరేనన్నాకే దూడల దగ్గరికి రావాలి. పశువంటే బెదిరేవాళ్ళను దూరంగా ఉంచాలి. దూడకూ విశ్రాంతి కావాలి, పదిమంది చేతులు రోజంతా నిమురుతుంటే అదీ విసుగెత్తి తన్నుతుంది.

టీకాలు, నట్టల మందు పశుసంవర్ధక శాఖ చూసుకోగలదు. కొట్టానికి, నీటితొట్టికి అయ్యే ఖర్చు విశాఖ పోర్టును అడగవచ్చు. దేవస్థానానికీ, పశుసంవర్ధక శాఖకూ మీ సంతకంతో చెరో ఉత్తరం వెళ్ళాలి. వాటిని ఈ నెలలోనే పంపండి.

భవదీయుడు,
ఒక విశాఖవాసి