ట్రాన్స్‌మిట్ పవర్ ఎంత పెడదాం?

మన డిపార్ట్‌మెంట్‌లో లోరాతో చేసిన ఏ ప్రాజెక్టు కోడ్ తెరిచినా ఒక లైను తప్పకుండా కనిపిస్తుంది. ట్రాన్స్‌మిట్ పవర్ దగ్గర 20. ఎందుకు 20 అని అడిగితే "ఆ చిప్‌కి అంతకంటే ఎక్కువ లేదు కదన్నా" అంటారు జూనియర్లు. ఉంటే 30 పెట్టేవాళ్లే! జీడితోటలో తేమ కొలిచే నోడు, ఏనుగులొస్తే హెచ్చరించే బాక్సు, చెరువులో నీటిమట్టం చెప్పే సెన్సరు... ఇవన్నీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల కోసమే కదా మనం చేస్తున్నది. వీటిలో ఒక్కటైనా ప్రాజెక్టు ఎక్స్‌పో దాటి రైతు చేతికి వెళ్లాలంటే మధ్యలో ల్యాబ్ టెస్టు, సర్టిఫికెట్ ఉన్నాయి. అక్కడ ముందుగా తేల్చుకోవాల్సింది ఈ అంకే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. టెస్టుకి పెట్టే పవర్ పాసవడం కోసం ఎంచుకునే అంకె కాదు. "నా పరికరం దీన్ని ఎప్పుడూ దాటదు" అని ఇచ్చే మాట. ఆ మాట ఇచ్చే ముందు మనకెంత కావాలో మనకి తెలిసుండాలి.

ముందు రూలు చూద్దాం. 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని కేంద్రం 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాటు, యాంటెన్నాతో కలిపి లెక్కేసే ఈఆర్‌పీ 4 వాట్లు, కేరియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ మించకూడదంది. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు, హద్దులో పదో వంతు. "మరింకేటి బాధ?" అనిపిస్తుంది. కానీ లైసెన్సు అక్కర్లేదంటే ఆమోదం అక్కర్లేదని కాదు. అమ్మాలంటే టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ కావాలి. దానికి ల్యాబ్ రిపోర్టు కావాలి. ఆ రిపోర్టులో చూసేది పవర్ ఒక్కటే కాదు, మన బ్యాండ్ బయట మనం చేస్తున్న చప్పుడు కూడా.

ఇప్పుడు తోటలోకి వెళ్దాం. మనం ఎక్కువగా వాడే ఎస్ఎక్స్1276 చిప్ డేటాషీట్ తీసి చూడండి. 13 డీబీఎం దగ్గర 29 మిల్లీఆంపియర్లు, 17 దగ్గర 87, 20 దగ్గర 120. పైగా 20 దగ్గర 1 శాతం సమయానికి మించి ప్రసారం చెయ్యొద్దని అదే డేటాషీట్ చెప్తుంది. 17 నుంచి 20కి పెంచితే పవర్ రెట్టింపవుతుంది, మరి దూరం? ఖాళీ మైదానంలో 1.4 రెట్లు. చెట్ల మధ్యయితే 1.2 రెట్లు వస్తే గొప్ప. అదే యాంటెన్నాని 3 మీటర్ల కర్ర మీంచి 6 మీటర్ల వెదురుబొంగు మీదకి ఎక్కిస్తే, మనం థర్డ్ ఇయర్‌లో చదివిన టూ-రే మోడల్ లెక్కన 6 డీబీ కలిసొస్తుంది. బ్యాటరీ మీద పైసా భారం లేదు. అంటే మన ఊళ్లలో దూరం సమస్యకి సగం జవాబు కోడ్‌లో కాదు, బొంగులో ఉంది. ఇంత తెలిశాక కూడా 20 పెట్టడం ఇంజనీరింగ్ అనిపించుకోదు, అలవాటు అనిపించుకుంటుంది.

సరే, లెక్కేసి 17 చాలనుకున్నాం. టెస్టుకి ఎంత పెట్టాలి? అన్ని బోర్డులూ ఒక్కలా ఉండవు. 17 సెట్ చేస్తే ఒకటి 16 ఇస్తుంది, ఇంకోటి 18 ఇస్తుంది. అప్పుడు ప్రకటించాల్సింది 18, టెస్టుకి పంపాల్సింది 18 ఇచ్చే బోర్డు. బ్యాండ్‌లో కింది చానల్, మధ్య చానల్, పై చానల్ మూడింట్లోనూ కొలవాలి. దానికి యాంటెన్నా గెయిన్ కలపాలి. 18కి 5 డీబీఐ యాంటెన్నా తగిలించి, కేబుల్‌లో 1 డీబీ పోయిందనుకుంటే బయటికెళ్లేది 22. రేపు రైతు ఇంకా పెద్ద యాంటెన్నా తగిలిస్తే ఆ రిపోర్టు ఇక మన పరికరానిది కాదు. నెట్‌వర్క్ తనంతట తాను పవర్ తగ్గించే సదుపాయం ఉన్నా సరే, టెస్టు మాత్రం అది ఇవ్వగలిగే గరిష్ఠం దగ్గరే జరగాలి.

ఇక్కడే ఒక దొంగదారి కూడా ఉంది. ల్యాబ్‌కి పంపే కోడ్‌లో 14 పెట్టడం, పాసయ్యాక అమ్మే కోడ్‌లో 20 పెట్టడం. "ల్యాబోళ్లు మన ఊరొచ్చి చూస్తారేటి?" అనేవాళ్లని నేను విన్నాను. పలాస వైపు జీడిపిక్కలు అమ్మే రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాటాకి ముద్ర వేయించిన మర్నాడే లోపల స్ప్రింగు మార్చినట్టు. 2019 నుంచి చాలా రకాల పరికరాలకి సరళ్ సంచార్ పోర్టల్‌లో స్వీయ ప్రకటన మీదే ఈటీఏ ఇస్తున్నారు. అంటే ప్రభుత్వం మన మాట నమ్మింది. నమ్మినవాళ్లని మోసం చెయ్యడం ఇంకా సులువు, అందుకే ఇంకా పెద్ద తప్పు.

నష్టం ఎవరికి అంటారా? ఆంప్లిఫయర్‌ని చివరి అంచు దాకా నడిపితే హార్మోనిక్స్ పెరుగుతాయి. 866కి రెండో హార్మోనిక్ 1732 మెగాహెర్ట్జ్. మొబైల్ 1800 బ్యాండ్‌లో ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లే మాటలు 1710 నుంచి 1785 మధ్యలో ఉంటాయి. టవర్ చెవులు రిక్కించి, దూరంగా ఉన్న ఫోన్ల సన్నటి సిగ్నల్ వినే చోటది. ఫిల్టరు సరిగ్గా లేని బాక్సు టవర్ పక్కన తోటలో పెడితే చెడేది ఆ ఊరి ఫోనే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక కరెంటూ ఫోనూ లేక ఎలా గడిపామో ఉద్దానం వాళ్లం మర్చిపోలేదు. సిగ్నల్ విలువ తెలిసిన చోట సిగ్నల్ పాడుచేసే వస్తువు మనమే తయారుచెయ్యకూడదు.

"స్టూడెంట్ ప్రాజెక్టుకి ఇంత అవసరమా?" అని కొందరు సార్లే అంటారు. టెస్టు ఖర్చు మన స్థాయికి ఎక్కువే, నిజమే. కానీ నేను అడిగేది టెస్టు కాదు, టెస్టుకి ముందు చెయ్యాల్సిన ఆలోచన. దానికి కావాల్సింది కాగితం, పెన్ను, తోటలో ఒక సాయంత్రం. విద్యుదయస్కాంత ప్రభావాల మీద పనిచేసే సమీర్ కేంద్రం మనకి పక్కనే విశాఖలో ఉంది. ఒకసారి అక్కడికి ఇండస్ట్రియల్ విజిట్ పెట్టిస్తే మూడు సెమిస్టర్ల పాఠం ఒక్కరోజులో అర్థమవుతుంది.

కాబట్టి ఈ ఏడాది నుంచి ప్రతి వైర్‌లెస్ ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేజీ పెడదాం. అందులో మూడు అంకెలు చాలు: దూరానికి లెక్కప్రకారం కావాల్సిన పవర్, బోర్డుల్లో తేడాలు కలుపుకుని ప్రకటించే గరిష్ఠ పవర్, యాంటెన్నాతో కలిపి బయటికెళ్లే పవర్. కింద ఒక్క వాక్యం: ఈ గరిష్ఠాన్ని కోడ్‌లో ఎక్కడ లాక్ చేశామో. వైవాలో ఎక్స్‌టర్నల్ "ఎందుకు 20?" అని అడిగితే ఆ పేజీ తీసి చూపిద్దాం. అందులో 20 అని ఉన్నా ఫర్వాలేదు, పక్కన కారణం ఉంటే.