హొగెనకల్ పుట్టి ప్రయాణం: ముందు చూడవలసినది బిలిగుండ్లు లెక్క

ఆడి పద్దెనిమిదికి హొగెనకల్ వెళ్లి కావేరిలో స్నానమాడి, పుట్టి ఎక్కి, చేపల వేపుడుతో భోజనం ముగించుకొని రావడం బేరిగై, బాగలూరు, శూలగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు చిరకాలపు వాడుక. వ్యాను మాట్లాడుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, అంచెట్టి అడవి దారిన అంతదూరం వెళ్లిన తరువాత పుట్టీలు నిలిపివేశారని తెలిస్తే కలిగే నిరాశ సహజమే. 2024 జూలై నెలాఖరున నీటి రాక లక్ష క్యూసెక్కులు దాటినప్పుడు స్నానాలకూ పుట్టీలకూ కూడా నిషేధం అమలులో ఉంది. ఇటువంటి నిషేధాన్ని అధికారుల కాఠిన్యంగా భావించేవారే అధికులు. కాని పండుగ వచ్చే కాలమూ, పశ్చిమ కనుమల వానల నీరు దిగివచ్చే కాలమూ ఒక్కటే. ఏరు పొంగినందుకే ఆ పండుగ ఏర్పడినది. జనసమ్మర్దమూ ప్రవాహమూ ఒకే వారంలో శిఖరానికి చేరడమే ఇక్కడి అసలు చిక్కు.

వార్తలలో వినిపించే బిలిగుండ్లు అనే పేరు రెండు రాష్ట్రాల తగవుతో ముడిపడి ఉన్నది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తమిళనాడుకు నిర్ణయించిన 177.25 టి.ఎం.సి.ల వాటాను కొలిచే చోటు అదే. రైతు ఆ అంకెను పంట కోసం వింటాడు. హొగెనకల్ వెళ్లదలచిన కుటుంబం అదే అంకెను ప్రాణం కోసం వినవలసి ఉన్నది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28 లీటర్లు. పదివేల క్యూసెక్కులు అంటే ప్రతి సెకనుకూ దాదాపు 2 లక్షల 83 వేల లీటర్లు. ప్రవాహపు వేగం రెట్టింపైతే మనిషిని తోసే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. నిన్న మోకాటి లోతులో నిలబడగలిగిన చోటనే నేడు నిలబడలేకపోవడానికి కారణమిదే.

ఆకాశం నిర్మలంగా ఉన్నదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. వాన కురిసేది కొడగులోనో వయనాడులోనో. కృష్ణరాజసాగరం, కబిని జలాశయాల నుంచి వదిలిన నీరు ఎంతో దూరం ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. దారిలో శింషా, అర్కావతి కలుస్తాయి గనుక, పై జలాశయాల తలుపులు మూసి ఉన్నా బెంగళూరు వైపు కుంభవృష్టి కురిస్తే ప్రవాహం పెరగవచ్చు. బయలుదేరే నాటి ఉదయం అంకె ఎంత, ముందురోజు కంటే పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్న రెండు సంగతులూ తెలుసుకొని కదలడం మేలు. పెరుగుతున్న నీరు, అంకె చిన్నదైనా, తగ్గుతున్న నీటికంటే ప్రమాదకరం.

ఇక పుట్టి సంగతి. తమిళంలో పరిసల్, కన్నడంలో హరిగోలు అని పిలిచే ఈ గుండ్రని పడవ చాల పాతది. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, తుంగభద్ర మీద తోలు కప్పిన బుట్టల వంటి పడవలు తిన్నగా పోక గిరగిర తిరుగుతూ మనుషులను దాటించడం చూసి వ్రాసియున్నాడు. తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి, ఆకారం మారలేదు. అడుగు చదునుగా ఉండడం వలన రాళ్లమీది పలుచని నీటిలోనూ తేలుతుంది. అందరూ అంచుల వెంబడి సమంగా, అడుగున కూర్చున్నంతసేపు అది కుదురైన పడవ. ఫోటో కోసం నలుగురు ఒక పక్కకు ఒరిగిన క్షణాన అంచు మీదుగా నీరు జొరబడుతుంది. సరదాకు గిరగిర తిప్పమని అడగడం, జలపాతం కిందికి తీసుకుపొమ్మని అదనపు సొమ్ము చూపడం — తెడ్డు వేసేవాని నేర్పు ఎంతటిదైనా, ఈ ఆశకు లొంగితే వృథా.

లైఫ్ జాకెట్టు ఇచ్చారా అన్నది ప్రశ్న కాదు, బిగించారా అన్నది ప్రశ్న. నీటిలో మనిషి బరువు కొద్ది కిలోలే గనుక ఆ నురుగు బిళ్లల జాకెట్టు చాలు. అయితే కట్లు విప్పి ఉంటే నీటిలో దూకగానే అది తలమీదుగా జారిపోతుంది. వేసిన తరువాత భుజాల వద్ద పట్టి పైకి లాగి చూడాలి. గడ్డం దాటి వస్తే వదులైనట్టే. పిల్లలకు కాళ్ల సందున కట్టే పట్టీ ఉన్నదే తగినది, పెద్దవారి జాకెట్టు వారికి పనికిరాదు. చీర కట్టినవారు కొంగు లోపలికి దోపి, జాకెట్టు పైన వేసుకోవాలి. ఒడిలోని పసిబిడ్డకు సరిపడే జాకెట్టు లేకపోతే ఆ బిడ్డను ఎక్కించకపోవడమే న్యాయం. రాళ్ల మధ్య ఉరవడిలో కయాక్ నడిపే క్రీడాకారులు ఇనుమంత కండ ఉన్నవారైనా హెల్మెట్టు లేనిదే దిగరన్నది గమనించదగినది.

తెలుగునేల నేర్చిన పాఠాలు చేదైనవి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, వరద గోదావరి మీద, కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ మునిగినప్పుడు బయటపడినవారు 26 మందే. రెంటిలోనూ నదిని నిందించడం తేలిక.

పుట్టి తిరగబడితే ఏమి చేయాలన్నది ముందే తెలిసి ఉండాలి. ఉరవడిలో నిలబడే ప్రయత్నం చేయరాదు. కాలు రాళ్ల సందున ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు తోసి ముంచుతుంది. వెల్లకిలా తేలి, కాళ్లు ప్రవాహం దిశగా ముందుకు చాచి, చేతులతో ఏటవాలుగా గట్టు వైపు జరగాలి. గట్టున ఉన్నవారు దూకరాదు. తాడు, కర్ర, ముడివేసిన పంచె, మూత బిగించిన ఖాళీ డబ్బా విసరాలి; పది లీటర్ల డబ్బా సుమారు పది కిలోల బరువును తేల్చగలదు. బయటికి తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కడం పాత అలవాటు, అది హాని. ఊపిరి లేకుంటే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కుతూ, 108కి కబురు పంపాలి.

ఇదంతా హొగెనకల్‌కే పరిమితం కాదు. హోసూరు వద్ద కెలవరపల్లి జలాశయం తలుపులు తెరిచినప్పుడు దక్షిణ పినాకినీ గట్లవారికి హెచ్చరిక వస్తుంది. నురుగు తేలే ఆ నీటిని చూసి జనం దూరంగానే ఉంటారు గాని, కింది చెక్‌డ్యాముల వద్ద ఈతకు దిగే పిల్లల సంగతి వేరు. కట్ట మీదుగా పొరలిపడే నీరు అడుగున వెనక్కు తిరిగి, పడినవానిని అక్కడే దొర్లిస్తుంది. చూడడానికి నాలుగడుగుల ఎత్తు, ఈత వచ్చినవానికీ దాటరానిది.

యంత్రం లేని పడవలను జిల్లా, తాలూకా, పంచాయతీ స్థాయిలో నమోదు చేయించే వీలు 2021 నాటి అంతర్గత నౌకల చట్టంలో ఉన్నది. నమోదైన పుట్టి అంచున ఎక్కదగిన వారి సంఖ్యను వ్రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. రేవు వద్ద ఆ సంఖ్య చదివి, తలలు లెక్కించి, ఒకరు ఎక్కువైతే దించివేసే అధికారం ఎవరిదో గ్రామసభలో అడిగేవారు కావాలి.