గుప్పెట్లో గుమాస్తా

ఇంటి పనుల్లో కంటికి కనబడని పని ఒకటుంది. అది గుర్తుపెట్టుకోవడం. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, పాలవాడు ఈ నెల ఎన్ని రోజులు రాలేదు, అత్తగారి బీపీ మాత్రలు ఎన్నాళ్లకి సరిపోతాయి, పిల్లాడి ఫీజుకి ఆఖరి తేదీ ఏది, ఆడపడుచు కూతురి పెళ్లికి ఎంత చదివించాం... ఇవన్నీ ఇల్లాలి బుర్రలోనే ఉండాలి. గుర్తున్నన్నాళ్లూ ఎవరూ మెచ్చుకోరు. ఒక్కటి మరిచిపోయిన రోజున మాత్రం ‘‘ఆ మాత్రం చూసుకోలేవా?’’ అన్న మాట తప్పదు.

ఈ బరువు దింపుకోవడానికి మన అమ్మలు గోడ క్యాలెండర్ని ఆశ్రయించారు. తేదీల గళ్లలో పాల లెక్క, మేకుకి వేలాడే నోటుపుస్తకంలో చాకలి పద్దు. ఇప్పుడా పని చేసిపెట్టే గుమాస్తా మన గుప్పెట్లోనే ఉన్నాడు. మనం ఫోన్ అని పిలుస్తున్నాం గానీ, అది అచ్చంగా జేబులో పట్టే కంప్యూటర్. మరి దానిచేత గుమాస్తా పని చేయించుకుంటున్నామా? లేక శుభోదయం బొమ్మలు పంపడానికీ, వంటల వీడియోలు చూడడానికేనా?

జేబు కంప్యూటర్ అనే ఆలోచన పుట్టిందే ఈ చిన్న చిన్న గుర్తుల కోసం. 1996లో అమెరికాలో ‘పైలట్’ పేరుతో ఒకటి వచ్చింది. తర్వాత అందరూ ‘పామ్ పైలట్’ అన్నది దాన్నే. దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్, యంత్రం తయారుకాకముందే ఆ కొలతల్లో ఒక చెక్కముక్క చేయించుకుని చొక్కా జేబులో వేసుకు తిరిగాడట. ఎవరైనా ఫలానా రోజు కలుద్దామంటే ఆ చెక్క తీసి దానిమీద రాసుకుంటున్నట్టు నటించేవాడట. దేనికి వాడతామో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే యంత్రం చేశాడన్నమాట. దానికి కెమెరా లేదు, సినిమాలు లేవు. ముఖ్యమైన మీటలు నాలుగు. తేదీలకొకటి, చిరునామాలకొకటి, చేయాల్సిన పనులకొకటి, తోచింది రాసుకోవడానికొకటి. చూడండి, మన ఇంటికి కావలసినవీ ఆ నాలుగే కదా!

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు కొందరు ఇంజనీర్లతో కలిసి ‘సింప్యూటర్’ని రూపొందించి 2001లో చూపించారు. చదువురాని వారూ వాడుకోవాలని, భారతీయ భాషల్లో చదివి వినిపించే ఏర్పాటు ఆలోచించారు. అందులో మరో మంచి ఊహ ఉంది. యంత్రం పదిమందికీ ఉమ్మడిగా ఉండొచ్చు, కానీ ఎవరి వివరాలు వారి సొంత కార్డులో ఉంటాయి. 2004లో అమ్మకానికొచ్చినా, ధర పదివేల రూపాయల దగ్గర మొదలవడంతో అది సామాన్యుల ఇళ్లకు చేరనే లేదు. యంత్రం పోయింది గానీ ఆ ఊహ మాత్రం ఇవాళ్టికీ మనకి అవసరం.

ఎందుకంటారా? చాలా ఇళ్లలో ఆవిడ చేతికొచ్చే ఫోన్ కొడుకు కొత్తది కొనుక్కున్నాక మిగిలిన పాతది. అందులో ఖాతా కొడుకు పేరుతో. పాస్‌వర్డ్ ఆయనకో, పిల్లలకో తెలుసు, ఆవిడకి తెలియదు. అలాంటప్పుడు ఆవిడ రాసుకున్న పద్దులూ, దాచుకున్న ఫోటోలూ, పుట్టింటివాళ్ల నంబర్లూ అన్నీ ఇంకొకరి ఖాతాలోకే చేరతాయి. తాళంచెవి పక్కింట్లో ఉంచి బీరువాలో నగలు దాచుకున్నట్టే ఇది. కాబట్టి మొదటి పని, మన పేరుతో మన ఖాతా. దాని పాస్‌వర్డ్ మనం పెట్టుకోవాలి, ఒక కాగితం మీద రాసి పట్టుచీరల మధ్య దాచుకున్నా సరే.

రెండోది, తేదీలు. ఫోన్లో ఉన్న క్యాలెండర్‌లో ఒక్కసారి ‘ప్రతి నెలా’ అని చెప్పి పెడితే కరెంటు బిల్లూ, చీటీ వాయిదా అదే గుర్తుచేస్తుంది. మాత్రలు అయిపోవడానికి వారం ముందే మోగేలా పెట్టుకోవచ్చు. కాగితం మంచిదే, కానీ కాగితం మోగదు కదా! ఇంగ్లీషులో టైపు చేయడం రాదని వెనక్కి తగ్గక్కర్లేదు. గూగుల్ కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులోనే రాసుకునే సౌకర్యం 2017 నుంచీ ఉంది. ‘కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అరకిలో’ అని చెబితే చాలు, సరుకుల చీటీ తయారు.

మూడోది, నకలు. ఎంత గొప్ప యంత్రానికైనా ఒకనాటికి కాలం చెల్లుతుంది. అంతగా వెలిగిన పామ్ కంపెనీని 2010లో హెచ్‌పీ కొనుక్కుని, మరుసటి ఏడాదే ఆ ఫోన్ల తయారీ ఆపేసింది. బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు 2022 జనవరి 4న కంపెనీ తన సేవలు నిలిపివేసింది. యంత్రం పోతే కొనుక్కోవచ్చు, అందులోని జ్ఞాపకాలు కొనుక్కోలేం. అందుకే ఫోన్లో బ్యాకప్ పనిచేస్తోందో లేదో నెలకోసారైనా చూసుకోవాలి. అత్యవసరమైన పది నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగినట్టే, ‘‘భద్రత అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?’’ అనీ అడగాలి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కి 7 ఏళ్లు ఇస్తామని గూగుల్ మాటిచ్చింది. అన్ని ఫోన్లకీ అంత గడువుండదు. గడువు దాటిన పాత ఫోన్లో పద్దులు రాసుకుంటే రాసుకోండి గానీ, బ్యాంకు లావాదేవీలు పెట్టుకోకండి.

ఇక అసలు సంగతి, ఇంట్లోవాళ్ల సాయం. అమ్మకి ఫోన్లో ఏదో అర్థం కాక అడిగితే, ‘‘ఇలా ఇవ్వమ్మా, నీకు తెలీదులే’’ అని పిల్లలు లాక్కుని నాలుగు నొక్కులు నొక్కి తిరిగిచ్చేస్తారు. పని అవుతుంది, అమ్మకి మాత్రం ఏమీ రాదు. మర్నాడు మళ్లీ అడిగితే విసుక్కుంటారు. అక్షరాలు దిద్దించిన తల్లి పలక లాక్కుని తానే రాసేసి ఉంటే ఈ పిల్లలకి చదువొచ్చేదా? వేలు పట్టుకు దిద్దించింది కాబట్టే వచ్చింది. ఇప్పుడు వాళ్లూ అదే చేయాలి. ఫోన్ అమ్మ చేతిలోనే ఉండాలి, నొక్కేది అమ్మ వేలే కావాలి. పక్కన కూర్చుని చెబితే చాలు. మనమూ ‘‘నాకెందుకొచ్చిన గొడవ, నువ్వే చేసెయ్’’ అనే అలవాటు మానుకోవాలి.

ఇంకొక్క మాట. గుమాస్తా దొరికాడు కదా అని ఇంటెడు గుర్తులూ మళ్లీ మన నెత్తికే చుట్టుకుంటే ఒరిగేదేముంది? ఈ జేబు కంప్యూటర్లో ఉన్న అసలైన సుగుణం, ఒకరు రాసింది నలుగురికీ కనబడేలా పెట్టుకోవచ్చు. ఇంటికంతటికీ కలిపి ఒక క్యాలెండర్ పెట్టండి. అత్తగారి డాక్టరు తేదీ ఆవిడ కొడుకు ఫోన్లోనూ మోగాలి. ఫీజు గడువు పిల్లాడి తండ్రి ఫోన్లోనూ కనబడాలి. సరుకుల చీటీ ఎవరు బజారుకెళితే వాళ్ల చేతిలో ఉండాలి. అప్పుడు ‘‘నువ్వు గుర్తుచేయలేదేం?’’ అనే మాటకి తావుండదు.

ఇల్లు అందరిదీ అయినప్పుడు దాన్ని గుర్తుపెట్టుకునే పని ఒక్కరిదే ఎందుకవ్వాలి? ఈ ఆదివారం భోజనాలయ్యాక అందరూ ఫోన్లు తీసి కూర్చోండి. వచ్చే నెల తేదీలు ఎవరివి వారిచేతే రాయించండి.