ఇంకొక్క గరిటె

బరువు తగ్గాలనుకునేవారికి మన దగ్గర సలహాలకేం కొదవలేదు. నూనె, ఉప్పు ముట్టొద్దని ఒకరన్నారు. కొబ్బరినూనె తాగమని ఇంకొకరన్నారు. 2017-18 ప్రాంతంలో తెలుగునాట ఏ నలుగురు కలిసినా ఆ ముచ్చటే. తర్వాత కొర్రలు, అండుకొర్రలు వచ్చాయి, పదహారు గంటల ఉపవాసం వచ్చింది, ఇప్పుడు వారానికో ఇంజెక్షన్ వచ్చింది. వీటితో ఎవరూ తగ్గలేదనడం అన్యాయం. తగ్గారు. చిక్కంతా ఆ తర్వాతే. పాత జాకెట్లు పట్టాయని సంబరపడినవారే ఏడాది తిరిగేసరికి వాటి కుట్లు విప్పించుకున్నారు. ఎందుకిలా అని అడిగితే ‘‘నాకు నోటి మీద అదుపు లేదండీ’’ అంటూ తమను తామే తిట్టుకుంటారు.

ఆ తిట్టు ఎంతవరకు న్యాయం? 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో తిండికి మాడిన యూరప్ ప్రజలను మళ్లీ మనుషుల్ని చేయడం ఎలాగో తెలుసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. ఆయుధం పట్టబోమని తెగేసి చెప్పి సైన్యంలో చేరని యువకులు 36 మంది ఇష్టపడి ముందుకొచ్చారు. దేశమంతా యుద్ధానికి కదులుతుంటే కాదని నిలబడ్డవాళ్లు, మనోబలానికి లోటేముంటుంది? 24 వారాలపాటు వాళ్లకు పెట్టింది మామూలు తిండిలో ఇంచుమించు సగం. బంగాళాదుంపలు, రొట్టె, మాకరోనీ వంటివి. ఒంటి బరువులో నాలుగో వంతు కరిగిపోయింది. దాంతోపాటు మనుషులూ మారిపోయారు. తిన్న పళ్లాలు నాకేవారు. ఉన్న నాలుగు ముద్దల్నీ నీళ్లు కలిపి, కలిపి, ఎంతసేపు వీలైతే అంతసేపు సాగదీసేవారు. అంతకుముందు వంటింటి వైపే చూడనివాళ్లు వంటల పుస్తకాలు పోగేసి నవలల్లా చదివారు. నిద్రలోనూ తిండి కలలే. ప్రయోగం ముగిసి కావలసినంత పెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా తనివి తీరలేదు. పోయిన కొవ్వు మునుపటికంటే ఎక్కువగా తిరిగొచ్చింది.

వాళ్లు మొదట్లో లావైనవాళ్లు కారు, నిజమే. కానీ బరువెక్కువ ఉన్నవారి విషయంలోనూ కథ అలాగే నడిచింది. పది వారాల కఠిన నియమంతో తగ్గినవారిని ఏడాది తర్వాత పరీక్షించిన మెల్‌బోర్న్ వైద్యులు, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ అప్పటికీ వారిలో హెచ్చుగానే ఉందని 2011లో ప్రకటించారు. వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చిందని ఆ మందు పరీక్షల్లోనే తేలింది. శరీరం పాతకాలపు వడ్డీ వ్యాపారిలాంటిది, బాకీ మరిచిపోదు. కాబట్టి ఆరు నెలలు నోరు కట్టుకుని ఏడో నెలలో ఓడిపోయినవారు బలహీనులేమీ కారు.

నోరు కట్టుకోవడంలో ఇంకో తిరకాసుంది. వద్దనుకున్నదాని మీదకే మనసు పోతుంది. సున్నుండలు మానేశానని ప్రకటించినాయన పండగ రోజు ఒకటి నోట్లో వేసుకుంటాడు. అక్కడితో ఆగితే వచ్చిన నష్టమేమీ లేదు. ఆగడు. నిండా మునిగినవాడికి చలేమిటని డబ్బా ఖాళీ చేస్తాడు, రేపట్నుంచి మళ్లీ మొదలుపెడదామనుకుంటాడు. రేపు అంటే సోమవారం. సోమవారం ఎవరి పెళ్లో ఉంటుంది. సున్నుండను పాపంలా చూడనివాడు ఒకటి తిని, బాగుందని చేయి కడుక్కుంటాడు. తగ్గిన బరువు నిలిచేది ఇటువంటివాళ్లకే ఎక్కువనిపిస్తుంది.

అయితే తిండితో మన పేచీ తినేవాడి నోటి దగ్గరే తేలేది కాదు. వంటింట్లోకి వెళ్లాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువున్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం, దేశం మొత్తం మీద 24 శాతమే. ఈ తేడాకు కారణాలు చాలానే ఉంటాయి. తెల్లన్నం ఉంది, కదలిక తగ్గిన బతుకుంది. ఏ సర్వేలోనూ కనపడని కారణం ఒకటి రాత్రి తొమ్మిదిన్నరకు స్టవ్ పక్కన నిలబడి ఉంటుంది. పిల్లాడు సగం కొరికి వదిలిన చపాతీ, గిన్నె అడుగున రెండు ముద్దల పెరుగన్నం, మూకుడులో నాలుగు వంకాయ ముక్కలు. పారేయడానికి చేతులు రావు. అన్నం పారేస్తే కళ్లు పోతాయని విన్న చెవులు. ఫ్రిజ్‌లో పెడదామంటే నిన్నటివే అక్కడున్నాయి. ఇల్లాలు అవన్నీ గరిటెతోనే నోట్లో వేసుకుని గిన్నె సింకులో పడేస్తుంది. ఆమెకది భోజనం కాదు, గిన్నెలు ఖాళీ చేసే పని. ‘‘నేను తినేదెంత!’’ అని ఆమె అనేది అబద్ధం కాదు, ఇవన్నీ ఆమె లెక్కలోకే రావు మరి. ఆమెకు డైట్ చార్ట్ ఇచ్చి ప్రయోజనం లేదు. బియ్యం అర గ్లాసు తగ్గించి పోయడం, అందరితోపాటు కూర్చుని తన కంచంలో తాను తినడం, పిల్లల ఎంగిలి పిల్లలకే వదిలేయడం, ఇవి ఆమె ఒక్కదానివల్ల అయ్యేవి కావు. కూర తక్కువైందని ముఖం ముడిచే ఇంటాయన కూడా మారాలి.

నూనె సంగతీ అంతే. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు మనిషికి రోజుకు సుమారు 27 గ్రాముల నూనె చాలంటున్నాయి. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర కిలోలు దాటనక్కర్లేదన్నమాట. నెల సరుకుల చీటీ తీసి ఎన్ని ప్యాకెట్లు రాశారో చూసుకుంటే చాలు, బరువు తూచే యంత్రం ఎక్కకుండానే సగం విషయం తెలిసిపోతుంది.

ఇక వడ్డన. మన ఇళ్లలో ప్రేమంతా గరిటెలోనే ఉంటుంది. చాలన్నా వినం, కంచం మీద చేయి అడ్డం పెడితే ఆ వేళ్ల సందుల్లోంచైనా వేస్తాం. వద్దన్న చుట్టానికి మొహమాటం అంటగడతాం, తిన్నవాణ్ని మెచ్చుకుంటాం, తినకపోతే మా వంట నచ్చలేదా అని నొచ్చుకుంటాం. కరవు చూసిన తరం పెట్టిన ఆనవాయితీ ఇది, తప్పుపట్టలేం. కానీ చక్కెర జబ్బు ఇంటింటా ఉన్న ఈ రోజుల్లో ఆ బలవంతం ఎవరికీ మేలు చేయడం లేదు. కడుపు నిండిందన్న కబురు మనకు అందేందుకు కాస్త వ్యవధి కావాలి. ఆలోపే రెండో వడ్డన పడుతుంటే ఆ కబురు వినే తీరికేది?

అందుకే బరువు తగ్గాలనుకుంటున్నవారికంటే వారికి వడ్డించేవారికే ఈ విన్నపం. వచ్చే ఆదివారం ఇంటికి చుట్టాలొస్తే ఒకసారి అడగండి, చాలంటే గరిటె వెనక్కి తీసుకోండి. కావలసినవాళ్లు అడిగి వేయించుకుంటారు.