తాటిముంజ వెల ఎంత?



మొన్నటి వేసవిలో మా మనుమడితో కలిసి భవానీపురం నుండి బందరు వెళ్ళి, చల్లపల్లి, శ్రీకాకుళం మీదుగా కరకట్ట దారిన ఇల్లు చేరాను. ఒక్కరోజు ప్రయాణమే గాని, ఆనాడు మనస్సులో పడిన ముల్లు ఇంకా కదులుతూనే ఉన్నది. అందుకే ఈ టపా.

మా మనుమడు అమెరికాలో, అయోవా రాష్ట్రంలో పుట్టి పెరిగినవాడు. వేసవి సెలవులలో వాళ్ళు పల్లెదారుల వెంట కారులో తిరుగుతూ ఏ ఊరి పదార్థం ఆ ఊళ్ళోనే తింటారట. కొన్నిచోట్ల రైతు మొక్కజొన్న పొత్తులు బల్లమీద పెట్టి, పక్కన డబ్బుల పెట్టె ఒకటి ఉంచి తన పనికి పోతాడట. కొనేవాడు వెల పెట్టెలో వేసి పొత్తులు తీసుకుపోతాడు. "మన దగ్గర కూడా అలాంటి దారి చూపించు తాతయ్యా" అన్నాడు. సరేనన్నాను. అంతే కాదు, కొంచెం గర్వపడ్డాను కూడా. కృష్ణా డెల్టాకు తిండిలో కొదవా?

1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట కట్టడంతో ఈ నేల రూపు మారింది. ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది. కాలువ నీరు పారిన మేరకు వరి, లంకల్లో పసుపు, కంద, అరటి, చెరకు. కాలువ గట్లమీద ఎవరూ నీరు పోయకుండానే పెరిగిన తాళ్ళు. ఈ మూడింటి నుండే మా ప్రాంతపు రుచులన్నీ పుట్టాయి.

కంకిపాడులో గోలీసోడాతో యాత్రకు శ్రీకారం చుట్టాము. గోలీ లోపలికి దిగేటప్పుడు వచ్చే ఆ చప్పుడు విని పిల్లవాడు కేరింతలు కొట్టాడు. ఈ సీసా 1870లలో ఒక ఆంగ్లేయుడు కనిపెట్టినదని చెబితే, "అయితే ఇది లోకల్ కాదుగా!" అన్నాడు. ఆ ప్రశ్నకు సమాధానం తరువాత చెబుతానని దాటవేశాను. ఉయ్యూరు దాటాక వాడు తేగలు కావాలన్నాడు. వాళ్ళ నాన్న చిన్నప్పుడు తిన్న కథలు విన్నాడు పాపం. "ఇప్పుడు దొరకవురా, సంక్రాంతి ముందు రావాలి" అన్నాను. వాడికి వింతగా తోచింది. డబ్బుండీ దొరకని వస్తువు ఉంటుందని వాడు ఎరుగడు. తాటిచెట్టు ఋతువును బట్టి నడుచుకుంటుంది. ఎండాకాలం ముంజలిస్తుంది, వానల్లో పండు రాలుస్తుంది. ఆ టెంకలను పాతరవేస్తే చలికాలానికి తేగలు మొలుస్తాయి. టెంక పగులగొడితే లోపల బుర్రగుంజు. తెల్లవారకముందే దించి తాగితే నీరా, పొద్దెక్కితే కల్లు, కాస్తే తాటిబెల్లం. ఒకే చెట్టు, ఏడాది పొడుగునా పంచాంగం.

పామర్రుకు ఇవతల రోడ్డు పక్కన ఒక మనిషి ముంజకాయలు కొడుతున్నాడు. డజను నూరు రూపాయలన్నాడు. అలవాటు చొప్పున "ఎనభైకి ఇవ్వవయ్యా" అన్నాను. అతడు తలెత్తి చూసి, కత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"మేష్టారూ! మీరా!"

నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు. గీతవృత్తివారి బిడ్డ. యాభై దాటి ఉంటాయి. మోకాళ్ళమీద, రొమ్ముమీద చెట్టు గీరిన మచ్చలు. "ఇంకా ఎక్కుతున్నావట్రా?" అన్నాను. "నేను దిగితే ఎక్కేవాడు లేడండి. మీరు చెప్పినట్టే పిల్లలిద్దర్నీ చదివించాను మేష్టారూ. హైదరాబాదులో ఉన్నారు. ఈ చెట్లు నాతోనే సరి" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, సంతోషమే ఉన్నది. డజనుకు మరో నాలుగు కలిపి ఇచ్చాడు. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతాన జేబులో పెట్టి వచ్చాను.

కారెక్కాక మనుమడు అడిగాడు: "తాతయ్యా, మరి ఇరవై రూపాయలు ఎందుకు తగ్గించమన్నావు?"

మిత్రులారా, ముప్ఫై ఏళ్ళు ఛందస్సు, వ్యాకరణం చెప్పినవాడిని. ఆ ప్రశ్నకు నా దగ్గర అన్వయం కుదరలేదు.

బందరులో లడ్డూ, హల్వా కొన్నాము. బందరు లడ్డూ తయారీ మీలో చాలామందికి తెలిసినదే. శనగపిండిని పూసగా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లపు పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు. అందుకే అది తొక్కుడు లడ్డు. ఆ దంచడంలోనే దాని ప్రాణమున్నది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని చట్టం పేరును కాపాడుతుంది, రోకలి పట్టిన చేతిని కాపాడదు. హైదరాబాదు నుండి బందరు దాకా రహదారి పక్కన ఏ దుకాణంలో చూసినా ఊరిపేర్లు అంటించిన డబ్బాలే. ఆ పేర్లు ఉన్నంతగా ఆ ఊళ్ళు అందులో ఉన్నాయా అన్నదే నా సందేహం. రహదారి నాలుగు వరుసలయ్యాక ఊళ్ళు పక్కకు తప్పుకున్నాయి. మనం ఊరిని చూడకుండానే ఊరి పేరు కొంటున్నాము.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. బందరు లడ్డూ మాత్రం బందరులో పుట్టిందా? బుందేల్‌ఖండ్ నుండి వచ్చిన బొందిలీల చేతిమీదుగా వచ్చిందని బందరువారే చెబుతారు. గోలీసోడా సీసా ఆంగ్లేయులది. అంత ఎందుకు, ఆంధ్రుల కారానికి మూలమైన మిరప పోర్చుగీసువారి వెంట పడమటి సముద్రాల నుండి వచ్చింది. మరి "మనది" అనడానికి ఏమున్నది?

దీనికి సమాధానం నాకు శ్రీకాకుళంలో దొరికింది. ఘంటసాల మండలంలోని ఈ శ్రీకాకుళంలోనే ఆంధ్రమహావిష్ణువు కృష్ణదేవరాయలకు కలలో కనిపించి ఆముక్తమాల్యద రచించమన్నాడని ఆ కావ్యావతారికలో ఉన్నది. గుడి మెట్లమీద కూర్చుని మనుమడికి విష్ణుచిత్తుని ఆతిథ్యం గురించి చెప్పాను. ఆయన వానకాలపు అతిథికి ఒక విధంగా, చలికాలపు అతిథికి ఒక విధంగా, వేసవి అతిథికి ఒక విధంగా వడ్డించాడు. వానల్లో వడియాలు, వేపుళ్ళు. చలిలో మిరియపు పొడి చల్లిన వేడికూరలు, ఆవపచ్చళ్ళు. ఎండల్లో చారు, మజ్జిగ, చెరకురసం, కొబ్బరినీరు. ఆ కారం మిరియానిది, మిరపది కాదు. అంటే ఐదువందల ఏళ్ళలో పదార్థాలు మారాయి. మారనిది ఏమిటంటే, ఏ నేలలో, ఏ ఋతువులో, ఎవరి చేతిమీదుగా అన్న మూడు ప్రశ్నలు. బయటినుండి వచ్చిన లడ్డూ మా లంకల చెరకు బెల్లంతో పాకం పట్టుకుని మా రోట్లో నలిగింది గనుక మాదయింది. పుట్టుక వలన కాదు, మెట్టిన ఇంట కాపురం చేయడం వలన. ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం చెప్పగలిగినది ఎక్కడినుండి వచ్చినా మనదే. చెప్పలేనిది ఊరిపేరు ఎంత పెద్ద అక్షరాలతో వేసుకున్నా మనది కాదు.

ఈ మూడింటిలోనూ ముందుగా పోతున్నది చేయి. అందులో నా పాలు కూడా ఉన్నది. ఏటా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో గీతవృత్తి ఇళ్ళ పిల్లలకు నేనే చెప్పాను: "చెట్టెక్కితే చేయి జారితే అంతే. చదువుకోండిరా, బాగుపడతారు" అని. అది తప్పా? ముమ్మాటికీ కాదు. చెట్టుమీద నుండి పడి నడుము విరిగిన తండ్రులను, ఆ తరువాత బడి మానేసిన పిల్లలను నేను చూశాను. మన నాలుకకు ముంజ కావాలని ఒకరి బిడ్డ ప్రాణం పణంగా పెట్టమనే హక్కు ఎవరికీ లేదు. సంప్రదాయం పోతున్నదని టపాలు వ్రాసి విలపించే మన పిల్లలెవరూ చెట్లెక్కడం లేదు గదా!

అయితే నేను సగం పాఠమే చెప్పాను. చదువుకోమని బిడ్డకు చెప్పాను. పనికి తగిన వెల ఇమ్మని ఊరికి చెప్పలేదు. నలభై అడుగుల చెట్టెక్కి, గెల కోసి, మోకుతో దించి, కాయ కొట్టి, ముంజ చిదగకుండా వలిచి ఇచ్చినవానితో ఇరవై రూపాయలకు బేరమాడి, చల్లని గదిలో కాఫీకి అడిగినంత ఇచ్చే పెద్దమనుషులలో నేనూ ఒకడిని. ఆ పనిలో గౌరవం, ఆదాయం, రక్షణ ఉంటే చదువుకున్నవాడు కూడా నడుముకు పట్టీ, చెట్టుకు తగిన పరికరం బిగించుకుని ఎక్కేవాడేమో! వృత్తిని చంపినది చదువు కాదు, మన బేరం.

భాషోపాధ్యాయుడిగా నాకు మరొక దిగులు. తినడం మానినవెంట పేరూ మరుపున పడుతుంది. విష్ణుచిత్తుని వడ్డన పాఠం చెప్పేనాడు "వరుగు అంటే ఏమిటండీ?" అని పిల్లలు అడిగేవారు. రేపు బుర్రగుంజు, లొట్టి, మోకు అన్న మాటలకు కూడా నిఘంటువు తిరగవేయవలసి వస్తుంది. నిఘంటువులో అర్థం ఉంటుంది గాని రుచి ఉండదు.

ఇంతకూ నేను కోరేది పెద్దదేమీ కాదు. ఈ సారి ఊరు వెళ్ళినప్పుడు రహదారి దిగి ఒక ఊళ్ళోకి వెళ్ళండి. ఋతువుకు దొరికినదే తినండి, దొరకనిదానికి ఎదురుచూడండి. చేసినవారి ముఖం చూసి కొనండి, చెప్పిన వెల ఇవ్వండి. గట్టు ఉన్నవారు నాలుగు తాటిటెంకలు పాతండి. కాపుకు పన్నెండు పదిహేనేళ్ళు పడుతుంది. నా వయస్సువానికి అది అందదు. మనుమడికి అందుతుంది.

మీ ఊరి పదార్థం పేరు, అది దొరికే నెల, చేసేవారి తరువాత చేసేదెవరో వ్యాఖ్యలో వ్రాయండి. ఆ మూడో ప్రశ్నకు ఎందరు జవాబు వ్రాయగలరో చూడాలని ఉన్నది.

సంక్రాంతికి ముందు మళ్ళీ పామర్రు దారిన వెళతాను. తేగలు కొనాలి. అతడు ఎంత చెబితే అంత.