గుంటకి తనిఖీ, రేటుకి లేదు

మా ఆఫీసులో ఏడాదికోసారి ఎథిక్స్ ట్రైనింగ్ పెడతారు. గంటసేపు స్లయిడ్లు, చివర్లో పది ప్రశ్నలు. సప్లయర్ దగ్గర బహుమతి తీసుకోవచ్చా అని ఒక ప్రశ్న ఖాయం. సప్లయర్‌కి ఇస్తానన్న డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అనే ప్రశ్న మాత్రం ఇంతవరకు నాకు రాలేదు.

ఆ రాని ప్రశ్నే మా నెల్లూరు తీరంలో అసలు ప్రశ్న. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు వెళ్ళి చూడండి, ఎక్కడికక్కడ రొయ్యల గుంటలే. ఒకప్పుడు టైగర్ రొయ్య, 2009 తర్వాత వనామీ. (వనామీ పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. అంత దూరం నుంచి వచ్చి మావాళ్ళ అప్పుల పద్దులో చేరింది.)

ఈ రొయ్య విదేశం వెళ్ళాలంటే పరీక్షలు తప్పవు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల జాడ దొరికితే సరుకు వెనక్కి రావాల్సిందే. 2016లో యూరోపియన్ యూనియన్ మన సాగు రొయ్యల్లో తనిఖీ చేసే వాటాని 10 నుంచి 50 శాతానికి పెంచింది. నాకైతే అందులో తప్పేం కనపడదు. తినేవాళ్ళు పిల్లాజెల్లా ఉన్నవాళ్ళే కదా.

కానీ తనిఖీ చూపంతా గుంట వైపే. కొనేవాడి మాటని తనిఖీ చేసేదెవరు?

రొయ్య రేటు కౌంట్ మీద ఉంటుంది. కిలోకి 30 తూగితే 30 కౌంట్, పెద్ద రొయ్య, మంచి రేటు. 100 తూగితే చిన్నది. వైరస్ అనుమానం వస్తే వెంటనే పట్టేయాలి. ఐసులో పడ్డ రొయ్యతో బేరం ఆడలేం. ఇది రైతుకీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అందుకే పొద్దున ఫోన్లో చెప్పిన రేటు, బండి గట్టు మీదికి వచ్చాక ‘కౌంట్ తేడా ఉంది, సరుకు మెత్తబడింది’ అంటూ దిగిపోతుంది. మా మామ ఒకసారి ఏజెంట్‌ని అడిగాడు: “ఏందబ్బా, పొద్దున చెప్పిన మాట సాయంత్రానికే పాసిపోయిందా? నా రొయ్య పాసిపోలేదే!” ఏజెంట్ నవ్వాడంట. రేటు మాత్రం మారలేదు.

2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించగానే, అవి అమల్లోకి రాకముందే ఇక్కడ రేట్లు పడ్డాయి. అమెరికా వెళ్ళని చిన్న కౌంట్లకి కూడా కోత ఎందుకని రైతులు గోల పెట్టారు. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు. దెబ్బ ముందు తగిలింది మాత్రం గట్టు మీద.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1990ల్లో కంపెనీలే సొంతంగా గుంటలు తవ్వాయి. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు పులికాట్, చిలికా సరస్సులకి వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు వద్దంది, పాడు చేసినవాళ్ళే నష్టం కట్టాలంది. అటు వైట్ స్పాట్ కూడా పీడించింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగు మళ్ళీ నిలబడింది గానీ, అప్పటికే పెద్ద కంపెనీలు చాలావరకు గుంటల నుంచి తప్పుకున్నాయి. మేత, సీడ్, ప్రాసెసింగ్ వాళ్ళ చేతిలో. వైరస్సు, వాన, కరెంటు కోత, లీజు, వడ్డీ రైతు నెత్తిన. ఏ బోర్డ్ మీటింగులోనూ దీన్ని అన్యాయం అనరు, ‘రిస్క్ మేనేజ్‌మెంట్’ అంటారు.

ఇప్పుడు ట్రేసబిలిటీ అని కొత్త మాట. రొయ్య ఏ గుంటలో పెరిగింది, ఏ మేత తింది, అన్నీ సిస్టమ్‌లో ఉండాలంట. ఉండనివ్వండి. నేను చేసే పని అదే కాబట్టి చెప్తున్నా, అందులో ఇంకో మూడు కాలమ్స్ కలపడం పెద్ద పనేం కాదు: చెప్పిన రేటు, ఇచ్చిన రేటు, డబ్బు చేరిన తేదీ. మా మామ ఈ మూడూ ఎప్పట్నుంచో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. గుంట చూడ్డానికి వచ్చినవాళ్ళు మేత బిల్లులు అడిగారు, సీడ్ కాగితాలు అడిగారు. ఆ పుస్తకం మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదంట.